కాకులు గుర్తుపట్టిన మనిషి

ఆ పేటలో సగం తలలు విగ్గులావిడ చేతిమీదుగా వెళ్ళినవే. బ్యాంకు మేనేజరుగారి పాపిడి ఆవిడ తీసిందే. మందుల షాపాయన నుదుటి మీద నిర్లక్ష్యంగా పడే రెండు పోచలూ ఆవిడ కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకా నాటి తెచ్చిన నిర్లక్ష్యమే. ఎదురు మేడ మీది పెద్దావిడ, "ఈ వయసులో ఇంత జుట్టు ఎవరికుందో చూపించండి" అంటూ వచ్చినవాళ్ళందరికీ ముందుకి వేసుకుని చూపించే జడ నెలల తరబడి ఈవిడ ఒళ్ళో పెరిగిన జడ. ఇంతా చేసి, పొద్దున్నే నడకకి బయలుదేరితే ఆవిడని పలకరించే నాథుడు ఒక్కడు లేడు.

పలకరించకపోవడానికి వాళ్ళ కారణం వాళ్ళకుంది. పలకరిస్తే పక్కనున్నవాళ్ళు "ఆవిడ మీకెలా తెలుసు?" అంటారు. దానికి జవాబు చెప్పడం ఎవరి తరం? అందుకని ఆవిడ వీధి మలుపులో కనిపించగానే బ్యాంకు మేనేజరుగారికి ఎక్కడినుంచో ఫోను వచ్చేస్తుంది. మందుల షాపాయన చెప్పు ఉన్నపళంగా వదులైపోతుంది. పెద్దావిడ మేడ మీంచి ఆకాశంలోకి చూస్తుంది, అక్కడేదో ఊడిపడబోతున్నట్టు. ముఖం చాటేయడంలో ఆ పేటవాళ్ళు చేయి తిరిగినవాళ్ళు.

ఆవిడకి పని నేర్పింది వాళ్ళమ్మ. సూది పట్టించిన రోజే రెండు కట్టుబాట్లు కూడా నేర్పింది. "వీధిలో మనం ముందు పలకరించకూడదే. వాళ్ళు మన దగ్గరికి వచ్చేది జుట్టు కోసమే అనుకోకు. ఎవరికీ తెలియకుండా ఉండడం కోసం కూడా. అది కూడా మనం అమ్మే సరుకే" అన్నది మొదటిది. "జుట్టుని గడప దాటించకు. ఉతికినా, ఆరబెట్టినా, దువ్వినా లోపలే" అన్నది రెండోది. అమ్మ పోయి చాలా కాలమైంది. కట్టుబాట్లు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి.

ఇల్లు రెండు గదులు. వీధి వైపు గుమ్మానికి గంట ఉంది కానీ దాన్ని నొక్కేది గ్యాసు బండ తెచ్చేవాడు ఒక్కడే. పని నడిచేది వెనకగదిలో. అక్కడ కిటికీ కింద బల్ల, బల్ల మీద వరసగా చెక్కతలలు, అద్దం ముందు ఒక ఎత్తు కుర్చీ, మూలన స్టవ్వు. వెనక తలుపు తీస్తే సందు. వచ్చేవాళ్ళంతా ఆ సందులోంచే వస్తారు, తలుపు మీద వేళ్ళతో తడతారు, లోపలికి రాగానే గడియ తామే వేసుకుంటారు. కుర్చీలో కూర్చుని, తల ఆవిడ చేతికి అప్పగించి, ఇంట్లోవాళ్ళకి చెప్పని సంగతులు కూడా చెప్పేవారు. పని కాగానే సందులోకి తల బయటపెట్టి, అటూ ఇటూ చూసుకుని జారుకునేవారు.

వాళ్ళలో ఒకామె మాత్రం పని అయ్యాక కూడా కూర్చునేది. ఆమె బళ్ళో లెక్కల టీచరు. రెండేళ్ళ క్రితం పేనుకొరుకుడు మొదలై, ఒక్కో మచ్చా ఇంకో మచ్చతో కలిసిపోయి, చెవుల పైన కాస్త తప్ప మిగతా తలంతా నున్నగా అయిపోయింది. అంతకుముందు పనిచేసిన బళ్ళో ఒక పిల్లాడు చూశాడు. చూసినవాడు ఊరుకుంటాడా, తెల్లారేసరికి ఒక పేరు పెట్టాడు. ఆ పేరు నల్లబల్ల మీదికి ఎక్కింది, బాత్రూము గోడలెక్కింది, చివరికి తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి నోట కూడా జారింది. ఆమె ఆ ఉద్యోగం వదిలేసి ఈ పేటకి వచ్చింది. "ఇక్కడ కూడా తెలిస్తే ఇంక పాఠం చెప్పలేనక్కా" అని మొదటిరోజే ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చింది.

అక్కా అని పిలవడం కూడా ఆ రోజే మొదలు. మిగతావాళ్ళందరికీ ఆవిడ "ఏమండీ", లేదా "ఇదిగో", లేదా ఏమీ కాదు. టీచరమ్మ మాత్రం అక్కా అనేది. వారం విడిచి వారం, బుధవారం సాయంత్రం వచ్చి జుట్టు ఉతకడానికి ఇచ్చి, తలకి గుడ్డ చుట్టుకుని టీ తాగుతూ పిల్లల తెలివితక్కువ లెక్కలు చెప్పి నవ్వించేది. ఆ బుధవారాల కోసం ఆవిడ మంగళవారం నుంచే గది సర్దేది. ఆమె తాగే గ్లాసు వేరుగా తోమి బోర్లించేది.

అయితే మనిషి ఆశకి ఒక అడ్డూ ఆపూ ఉండదు కదా. లోపల అక్కా అన్నది చాలదనిపించడం మొదలైంది. రోజూ పొద్దున్న నడకలో ఆవిడ బడి గేటు ముందునుంచే వెళ్ళేది. ఆ వేళకి టీచరమ్మ గేటు దగ్గర నిలబడి వచ్చే పిల్లల్ని లోపలికి పంపుతుండేది. ఈవిడ కనబడగానే ఆమె చూపు పిల్లల బూట్ల మీదికి దిగిపోయేది. తప్పు ఆమెది కాదు, "వీధిలో నన్ను చూడకు" అని మొదట్లో చెప్పింది ఈవిడే. చెప్పినప్పుడు అమ్మ గొంతుతో చెప్పింది. ఇప్పుడు మాత్రం ఆ గేటు దాటిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పదిమందిలో అక్కా అని పిలిస్తే బాగుండునని ఉండేది ఆవిడకి. ఇంతకంటే పెద్ద కోరిక ఆవిడ జీవితంలో అప్పటికి మరేదీ మిగల్లేదు.

*

కాకుల గొడవ ఒక గురువారం పొద్దున మొదలైంది.

ముందురోజు సాయంత్రం ఉతికిన జుట్టు తెల్లారేసరికి ఆరి ఉండాలి. టీచరమ్మ బడికి ముందు వచ్చి పెట్టుకుని వెళ్తుంది, అదీ వాళ్ళ ఏర్పాటు. ఆ రాత్రి కరెంటు పోయింది. పోయిన కరెంటు పొద్దునకి కూడా రాలేదు. చెక్కతల మీద జుట్టు పైకి ఆరినట్టే ఉంది కానీ వేళ్ళు లోపలికి పెడితే తడి. డ్రయ్యరు ఉన్నా లేనట్టే.

టీచరమ్మ తలకి గుడ్డతో వచ్చి కుర్చీలో కూర్చుంది. "అక్కా, ఇవాళ తనిఖీకి పై ఆఫీసువాళ్ళు వస్తున్నారు. ప్రార్థనకే ఉండమన్నారు."

"తడి మీద పెట్టుకుంటే లోపలి వల సాగిపోతుందే తల్లీ. సాగితే ఇంక తల మీద నిలవదు."

"మరి ఈ గుడ్డతో వెళ్ళనా?"

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయింది ఆవిడ. బయట ఎండ అప్పుడే పదునెక్కుతోంది. సందులో ఎవరూ లేరు. అమ్మ మాట గుర్తుకు రాకపోలేదు, వచ్చింది. వచ్చినదాన్ని పక్కకి నెట్టి, జుట్టుని చెక్కతల మీంచి తీసి గడప దాటించింది. జుట్టు నాటిన వల టోపీ అంచు పిడికిట పట్టుకుని, తడి బట్ట విదిలించినట్టు గాలిలో గట్టిగా విదిలించింది. తడి తుంపర్లు గోడ మీదికి చిమ్మాయి. మళ్ళీ విదిలించింది.

పక్కింటి గోడ మీద అప్పుడే గూడు వదిలిన కాకిపిల్ల ఒకటి రెక్కలు సరిగా ముడవడం చేతకాక కూర్చుని ఉంది. ఆవిడ దాన్ని చూడలేదు. పైన చెట్టు మీద ఒక కాకి గొంతు చించుకుంది. దానికి ఇంకోటి తోడయింది. ఆవిడ తలెత్తేలోపు చెట్టు చెట్టంతా నల్లగా లేచింది. ఏమైందో తెలియకుండానే ఆవిడ లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది. జుట్టు మాత్రం ఆరింది. టీచరమ్మ పెట్టుకుని, అద్దంలో చూసుకుని, "మీరు లేకపోతే నా గతేంటక్కా" అని పరుగున వెళ్ళిపోయింది. కాకులు ఆమె వంక కన్నెత్తి కూడా చూడలేదు.

ఆ మాట చెవుల్లో మోగుతుండగా ఆవిడ నడకకి బయలుదేరింది. సందు చివర దాటిందో లేదో, వెనకనుంచి ఎవరో అరచేత్తో నెత్తి మీద కొట్టినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. రెండో దెబ్బకి అర్థమైంది. కాకి. ఒక్కటి కాదు. ఒకటి వెనకనుంచి వచ్చి తన్ని పోతే, దాని వెనక ఇంకోటి వరసలో ఉంది. ఆవిడ చేతులు తలకి అడ్డం పెట్టుకుని పాలబూతు వరకూ పరుగెత్తింది. బూతు ముందు నిలబడ్డవాళ్ళు చోద్యం చూశారు. ఒకాయన "గూడు దగ్గరికి వెళ్ళుంటుంది" అని మిగతావాళ్ళకి చెప్పాడు. ఆవిడకి చెప్పలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు గొడుగు వేసుకుని వెళ్ళింది. గొడుగు మీద దబదబా తన్నాయి. దారి మార్చి, మందుల షాపు వైపునుంచి వెళ్ళింది. అక్కడి చెట్ల మీదివి మొదట ఊరుకున్నాయి, వెనకనుంచి వచ్చినవి ఏదో చెప్పగానే అవీ కలిశాయి. శాలువా ముసుగేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని, తన నీడే తనకి కొత్తగా కనబడేలా బయలుదేరిన రోజు కూడా మొదటి మలుపులోనే పట్టేశాయి. వీధిలో ఇంతమంది ఉండగా, పిల్లలూ పెద్దలూ బళ్ళూ ఉండగా, ఏరికోరి ఆవిడ నెత్తి మీదికే వచ్చాయి.

ఆదివారం తమ్ముడు ఫోను చేశాడు. వాడు దూరంగా ఏదో గోడౌనులో సూపర్వైజరు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికీ నిద్రకీ మధ్య అక్కని తలచుకోవడం వాడి అలవాటు.

"ఏంటక్కా, గొంతు అలా ఉంది?"

"కాకులు తరుముతున్నాయిరా."

"కాకులా? వాటి సొమ్మేం తిన్నావు?"

ఆవిడ జరిగినదంతా చెప్పింది. సందూ, తడి జుట్టూ, విదిలించడమూ.  వాడు అవతల నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నల్లగా ఉంది, తడిగా ఉంది, చేతిలో వేలాడుతోంది. అక్కా, అది వాటికి చచ్చిన కాకి! మెడ పట్టుకుని విదిలించి చంపేశావనుకున్నాయి. చిన్నప్పుడు మన వెనకింటివాడు నల్ల సంచి తిప్పుకుంటూ వెళ్తే ఏం జరిగిందో మర్చిపోయావా?"

ఆవిడకి గుర్తొచ్చింది. వాడికి నెత్తి మీద కుట్లు పడ్డాయి.

"మరి ఎప్పటికి మర్చిపోతాయిరా?"

"అవి మర్చిపోవక్కా. మనిషి మొహం పట్టాయంటే ఇంక అంతే. పిల్లలకి కూడా చూపించి పెడతాయంటారు. నువ్వు హాయిగా నడక మానెయ్. ఇంట్లోనే అటూ ఇటూ తిరుగు."

"ఇంట్లో ఎక్కడ తిరగను? రెండు గదుల్లో?"

"పోనీ, వాటికి ఎదురుగా మొహం పెట్టు. మొహం చూస్తే మీదికి రావు. వెనకనుంచే వస్తాయి. ఉండక్కా, మీ మరదలు పిలుస్తోంది, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చేయడం అంటే మళ్ళీ ఆదివారం. ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి, చెక్కతలల వంక చూసింది. వాటికి కళ్ళూ ముక్కూ చెక్కలేదు, చెక్కాల్సిన పనీ లేదు. ఇన్నేళ్ళుగా ఆ వీధుల్లో తిరుగుతోంది. ఇదిగో ఈమె ఫలానా అని ఎవరూ తల ఊపలేదు. ఎంత మొహం కప్పుకున్నా, ఏ దారిన వెళ్ళినా, దూరంనుంచే గుర్తుపట్టి కేకలేసేవి ఇప్పుడు దొరికాయి. ఆ ఆలోచనకి ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనమీద తనకే చిరాకేసి లేచి స్టవ్వు తుడిచింది.

నడక మాత్రం మానలేదు. మానితే బడి గేటు ఉండదు. ఆమె చూడకపోతేనేం, తను చూస్తుంది కదా. కాకులకి ఎదురుగా మొహం పెట్టమన్నాడు కాబట్టి, చెట్లున్న చోటల్లా వెనక్కి వెనక్కి నడిచేది. అలా నడుస్తూ ఒకసారి కొబ్బరిబోండాల బండిని గుద్దుకుంది. చూసినవాళ్ళు కడుపుబ్బా నవ్వుకున్నారు. వాళ్ళలో ఆవిడ జుట్టు కట్టిన రెండు తలలు కూడా ఉన్నాయి.

*

తర్వాతి బుధవారం ఉతికే వారం కాదు, అయినా టీచరమ్మ వచ్చింది. "ఎడమవైపు ఏదో వదులుగా ఉందక్కా" అంది.

ఆవిడ టోపీ తిరగేసి చూసింది. చెవి పైన మిగిలిన కాస్త జుట్టుని పట్టుకునే క్లిప్పు అది. పళ్ళు అరిగిపోయి, పట్టు తప్పింది. "కొత్తవి తెప్పిస్తున్నా. వచ్చే బుధవారానికి వస్తాయి. అందాకా దారం కుట్టి ఇస్తాను. కానీ జాగ్రత్త, ఈ వారం పరుగులు పెట్టకు. గాలికి తల వంచు, ఎత్తకు. పిల్లలు కొట్టుకు చచ్చినా నువ్వు మధ్యలోకి వెళ్ళకు."

"లెక్క తప్పు చేసినవాడిని కొట్టొచ్చా?"

"చెయ్యి ఊపకుండా కొట్టు."

ఇద్దరూ నవ్వుకున్నారు. టీ తాగుతూ టీచరమ్మ, "వీధిలో మీ వెనక కాకులు పడుతున్నాయట కదా అక్కా, పిల్లలు చెప్పుకుంటున్నారు" అంది. తడి జుట్టు సంగతి ఆవిడ చెప్పలేదు. చెబితే నా వల్లే కదా అంటుంది. "పిచ్చి కాకులు" అని ఊరుకుంది.

ఆ వచ్చే బుధవారం పొద్దున ఆవిడ కాస్త ఆలస్యంగా బయలుదేరింది. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి వీధి కిక్కిరిసి ఉంది. పిల్లల్ని దింపే బళ్ళూ, సంచులూ, ఏడుపులూ. కూతుర్ని దింపడానికి వచ్చిన బ్యాంకు మేనేజరుగారు ఈవిడని చూసి ఫోను చెవికి చేర్చారు. గేటు పక్కన టీచరమ్మ నిలబడి ఉంది. ఎడమ చెవి మీదికి చెయ్యి పోనిచ్చి, తీసేసింది. ఆవిడ అది చూసింది. సాయంత్రం కొత్త క్లిప్పు పెట్టేయాలి అనుకుంది.

అంతలో గాలి విసురుకి గొడుగు పైకి తిరగబడింది. దాన్ని సరిచేసుకునేందుకు రెండు చేతులూ ఎత్తింది. అదే అదును. మొదటి కాకి మెడ మీద తన్నింది, రెండోది నెత్తి మీద పొడిచింది. గొడుగు చేయి జారింది. కళ్ళజోడు ఎక్కడో పడి టప్పుమంది. వంగి వెతకబోతే మూడోది జుట్టుముడి పట్టుకుని లాగింది. ఆవిడ ముడి ఎంతని, పిడికెడు నెరిసిన జుట్టు. అది విడిపోయి మొహం మీద పడింది. వెచ్చగా ఏదో చెవి వెనకనుంచి కారింది. మోకాళ్ళ మీద కూలబడిపోయింది.

చుట్టూ ఖాళీ ఏర్పడింది. పిల్లలు కేకలేశారు, పెద్దవాళ్ళు పిల్లల్ని లాక్కున్నారు. బ్యాంకు మేనేజరుగారు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని కారులో దూరారు. రోడ్డుకి అవతల మందుల షాపాయన కూడా నెత్తి మీద చెయ్యి వేసుకుని షట్టరు సగం దించాడు. ఆయన్ని తిట్టడానికి లేదు. ఆ నెత్తి మీదున్న తన సరుకు విలువ ఆవిడకి తెలుసు కదా.

"అక్కా!"

ఆవిడ తలెత్తింది.

"అక్కా, ఉండండి, వస్తున్నా! అక్కా!"

పిల్లలూ, పిల్లల తల్లులూ, వాచ్‌మనూ, వీధి వీధంతా చూస్తుండగా, చేతిలో పుస్తకాలు గేటు దగ్గర పారేసి టీచరమ్మ పరుగెత్తుకొస్తోంది. కళ్ళజోడు లేని కళ్ళకి ఆమె మొహం మసకగానే ఉంది. కానీ ఆ జుట్టు ఎలా కదులుతోందో ఆవిడకి కళ్ళజోడు లేకుండానే తెలుస్తుంది. ఎడమవైపు లేస్తోంది. అడుగు అడుగుకీ లేచి పడుతోంది. ఆమె నెత్తికి పైగా రెండు కాకులు చుట్టు తిరుగుతున్నాయి. ఇంకాస్త దగ్గరికి వస్తే, ఒక్క తన్ను చాలు. గేటు నిండా పిల్లలు.

ఇన్నాళ్ళూ దేనికోసం ఆ గేటు ముందునుంచి నడిచిందో ఆ పిలుపు వచ్చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది.

ఆవిడ చెయ్యి అడ్డంగా చాపి, బొంగురుపోయిన గొంతుతో అరిచింది. "ఎవరమ్మా మీరు?"

టీచరమ్మ ఆగలేదు.

"మిమ్మల్నే! ఎవరు మీరు? మీరెవరో నాకు తెలియదు! మీకూ నాకూ ఏంటి సంబంధం? దూరంగా పొండి!"

ఎప్పుడూ నువ్వు అనే నోటితో మీరు అంది. టీచరమ్మ ఆగిపోయింది. ఆగి, చెయ్యి మెల్లగా ఎడమ చెవి మీద పెట్టుకుంది. రెండు కార్లు పట్టేంత దూరం ఉంది ఇద్దరి మధ్యా. ఆవిడ లేచి నిలబడింది. గొడుగూ కళ్ళజోడూ అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి, బడికి దూరంగా వీలైనంత వేగంగా నడిచింది. కాకులన్నీ ఆవిడ వెంటే వెళ్ళాయి.

"సాయం చేయబోతే ఆ పొగరేంటమ్మా" అని వెనక ఒక తల్లి అంటోంది. "టీచరుగారూ, మీరు రండి. అలాంటివాళ్ళకి సాయం చేయకూడదు."

*

సాయంత్రం కొత్త క్లిప్పులు బల్ల మీద పెట్టుకుని ఆవిడ కూర్చుంది. టీ నీళ్ళు ఒకసారి మరిగి చల్లారాయి. మళ్ళీ పెట్టింది. నెత్తి మీద దెబ్బలు ఎక్కడెక్కడున్నాయో ఆవిడకే సరిగా తెలియదు. అద్దంలో వెనక కనబడదు. ఊళ్ళోవాళ్ళ తలల మీద ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఎక్కడ చిన్ననాటి కుట్టు ఉందో చెప్పగల మనిషి, తన తల తడుముకోవడం చేతకాక, నీళ్ళు పోసుకుని ఊరుకుంది.

రాదేమో అనుకుంది. రాకపోయినా న్యాయమే అనుకుంది. పదిమందిలో అంత మాటన్నాక ఎవరొస్తారు? చీకటి పడే వేళకి తలుపు మీద వేళ్ళ చప్పుడైంది.

టీచరమ్మ లోపలికి వచ్చి గడియ వేసింది. చేతిలో ఒక సంచి ఉంది. అందులోంచి గొడుగూ, ఒక అద్దం పగిలిన కళ్ళజోడూ తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీలో కూర్చుని, జుట్టు తీసి ఇచ్చింది. ఆవిడ ఆ కళ్ళజోడు పెట్టుకుని, పగలని అద్దంలోంచే చూస్తూ పాత క్లిప్పు కోసి, కొత్తది కుట్టింది. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

"పొద్దున నన్ను ఎవరమ్మా అన్నారు" అంది టీచరమ్మ.

"అన్నాను."

"క్లిప్పు కోసమే కదా."

ఆవిడ దారం కొరికి తెంపింది.

"నాకు తెలుసక్కా. సగం దూరం వచ్చాక నాకూ గుర్తొచ్చింది. ఊడిపోతుందని తెలిసింది. అయినా ఎలా ఆగను? అప్పుడు మీరు ఆ మాటన్నారు." ఆమె అద్దంలో తన నున్నటి తలని చూసుకుంటూ, గొంతు తగ్గించింది. "మీరలా అనగానే నాకు హాయిగా అనిపించింది అక్కా. అమ్మయ్య, ఇంక వెళ్ళనక్కర్లేదు అనిపించింది. మీ తల మీంచి రక్తం కారుతుంటే నాకు అలా అనిపించింది. రోజంతా పాఠం చెప్పలేకపోయాను."

"అలా అనిపించడమే మంచిది" అంది ఆవిడ. "అనిపించాలనే అన్నాను. రేపు కూడా నన్ను చూడకు. ఎవరైనా అడిగితే ఎవరో పిచ్చిదనుకున్నా అని చెప్పు."

"రేపు కూడానా?"

"ఎప్పుడూనూ."

టీచరమ్మ కళ్ళు తుడుచుకుని కుర్చీలోంచి లేచింది. కొత్త క్లిప్పు కుట్టిన జుట్టుని తీసుకుని చెక్కతల మీద పెట్టింది కానీ తన తల మీద పెట్టుకోలేదు. సంచిలోంచి దూదీ, మందు సీసా తీసింది.

"కూర్చోండి."

"ఎక్కడ?"

"ఇక్కడ. ఈ కుర్చీలో."

"అది వచ్చేవాళ్ళ కుర్చీ."

"కూర్చోండక్కా."

అమ్మ పోయిన దగ్గరనుంచీ ఆ కుర్చీని రోజూ తుడుస్తోంది. ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కి కూర్చుంటే కాళ్ళు నేలకి అందవని ఆవిడకి ఇవాళే తెలిసింది. అద్దంలో ముందు తన మొహం, దాని వెనక జుట్టు లేని టీచరమ్మ మొహం కనిపించాయి. టీచరమ్మ ఆవిడ ముడి విప్పింది. పల్చటి నెరిసిన జుట్టుని వేళ్ళతో నెమ్మదిగా పాయలు తీస్తూ, ఎక్కడ రక్తం గడ్డకట్టిందో వెతికింది. ఆవిడ మెడ బిగుసుకుపోయింది. తన తల మీద ఇంకొకరి వేళ్ళు పడి ఎన్నేళ్ళయిందో లెక్క అందలేదు. అమ్మ వేళ్ళే ఆఖరు.

"ఇక్కడొకటి ఉంది. మండుతుంది, ఓర్చుకోండి."

దూది తగిలింది. మండింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఇక్కడ ఇంకోటి. అబ్బ, ఎంత లోతుగా పొడిచాయక్కా. ఇదిగో, చెవి వెనక కూడా." వేళ్ళు మెల్లమెల్లగా తల చుట్టూ తిరిగివచ్చాయి. సీసా మూత బిగించిన చప్పుడైంది. "అయిపోయింది. ఇంకెక్కడైనా ఉందా?"

కళ్ళు తెరవకుండానే ఆవిడ చెయ్యెత్తి, నడినెత్తి మీద, దెబ్బేమీ తగలని చోట వేలు పెట్టింది.

"ఇక్కడ కూడా ఒకసారి చూడు తల్లీ" అంది.